చెమటతో పోయిన ఉప్పు

కోలారు బంగారు గనుల్లో తాతముత్తాతలు పనిచేసిన తెలుగు కుటుంబాలు మీలో ఉంటాయి. 2001లో మూతపడిన ఆ గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది.

గని వేడిలో చెమటోడ్చేవారికి పిక్కలు ఎందుకు పట్టేస్తాయో 1923లో ఇంగ్లండు బొగ్గు గనులను పరిశీలించిన నెవిల్ మాస్ వివరించారు. చెమటతో నీరొక్కటే కాదు, ఉప్పూ పోతుంది. కార్మికులేమో దాహానికి ఉత్త నీళ్ళే కడుపునిండా తాగేవారు. దాంతో ఒంట్లో మిగిలిన ఉప్పు మరీ పలచబడి, కండరాలు కొంకర్లు పోయేవి. నీళ్ళలో కాస్త ఉప్పు కలిపి ఇస్తే ఆ బాధ తగ్గింది.

మన పెద్దలు పొలానికి ఉప్పేసిన మజ్జిగ పంపింది ఏ పరిశోధనా చదివి కాదు! రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు సంగతి డాక్టరును అడగండి.