పేరు ఒకరిది, ఆట ఇంకొకరిది

పటాన్‌చెరు మండలంలోని భానూర్ అనగానే చుట్టుపక్కల ఎవరికైనా గుర్తొచ్చేది భారత్ డైనమిక్స్ కర్మాగారం. ట్యాంకులను ఛేదించే క్షిపణులు అక్కడ తయారవుతాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, పటాన్‌చెరులో మందుల కంపెనీలు. బతుకంతా షిఫ్టుల లెక్కన నడిచే ఈ ప్రాంతంలో సాయంత్రం పూట మైదానానికి పదకొండు మందిని పోగుచేయడం కష్టం. ఫోన్‌లో పదకొండు మందిని దింపడం తేలిక. చిక్కల్లా ఏ ఆటలో దింపాలన్నదే. ఈఏ కంపెనీ ఎఫ్‌సీ ఉంచుకోవాలా, కొనామీ వాళ్ల ఈఫుట్‌బాల్‌కు మారాలా? ఫోన్లు రాకముందు నుంచీ నలుగుతున్న తగువు ఇది.

మొదలు 1993 డిసెంబరు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ, ‘ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్’ను తెచ్చింది. మైదానాన్ని పక్క మేడ మీది నుంచి చూస్తున్నట్టు ఏటవాలుగా చూపించడం అప్పటికి కొత్త. డబ్బా మీద ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా పేరుంది కానీ లోపల ఆటగాళ్ల పేర్లన్నీ కల్పితాలే. బ్రెజిల్ తరఫున గోల్స్ కొట్టిన జాంకో టియానో అనే మహానుభావుడు భూమ్మీద ఎక్కడా పుట్టలేదు. నాలుగేళ్లకే సంగతి మారింది. 1997లో వచ్చిన ‘ఫిఫా: రోడ్ టు వరల్డ్ కప్ 98’లో సమాఖ్య సభ్య దేశాల జట్లన్నీ ఉన్నాయి, భారత్‌తో సహా. మన జట్టును కనీసం తెర మీద ప్రపంచకప్‌కు తీసుకెళ్లే వీలు అలా దొరికింది.

జపాన్‌లో కొనామీ 1995లో ‘విన్నింగ్ ఎలెవన్’ మొదలుపెట్టింది. అదే 2001 నుంచి బయటి దేశాలకు ‘ప్రో ఎవల్యూషన్ సాకర్’, ఆడేవాళ్ల నోట ‘పెస్’. ఇక్కడి నుంచి రెండు కంపెనీల దారులు వేరు. ఈఏ డబ్బు పెట్టి క్లబ్బుల పేర్లు, చొక్కాలు, లీగులు కొనుక్కుంది. కొనామీ బంతి మీద శ్రద్ధ పెట్టింది. దాని దగ్గర హక్కులు తక్కువ కాబట్టి చెల్సీ ‘లండన్ ఎఫ్‌సీ’ అయింది, రొబెర్టో కార్లోస్ ఒక దశలో ‘రొబెర్టో లార్కోస్’ అయ్యాడు. అభిమానులే కూర్చుని పేర్లు దిద్దుకునేవారు, ప్యాచ్‌లు వేసుకునేవారు. అయినా 2006 నాటి పెస్ 6లో అడ్రియానో ఎడమ కాలితో కొట్టిన షాట్ రుచి మరిగినవాళ్లు పేర్లను పట్టించుకోలేదు. ఆ రోజుల్లో మంచి ఆట పెస్‌దే, హంగు ఫిఫాది. ఈ తీర్పుతో కొట్లాటకు దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ సామాన్లు కొనుక్కున్న తరానికి ఆట మారడమంటే సీడీ మార్చడమే. డబ్బు పెద్దగా పోదు. మారనిది వేలి అలవాటు. ప్లేస్టేషన్ కంట్రోలర్ మీద పెస్‌లో గోల్‌కు కొట్టేది చతురస్రం బటన్, ఎత్తి పాస్ ఇచ్చేది వృత్తం. ఫిఫాలో సరిగ్గా తలకిందులు. కొత్తగా మారినవాడు గోల్‌పోస్టు ముందు నిలబడి బంతిని అవతలి రెక్కకు లేపేవాడు. ఈ బాధ తెలిసే ఈఏ తన సెట్టింగుల్లో రెండో బటన్ల వరస కూడా పెట్టింది; ఎదుటి దుకాణం ఖాతాదారులకు వేసిన ఎర అది.

హక్కులూ నిలకడగా ఉండలేదు. పదేళ్లు కొనామీ దగ్గరున్న ఛాంపియన్స్ లీగ్ 2018లో ఈఏకు పోయింది. మరుసటి ఏడు జువెంటస్ కొనామీ వైపు వెళ్లడంతో ఫిఫా 20లో ఆ క్లబ్బు ‘పియెమోంటె కాల్చో’ అనే మారుపేరుతో తిరిగింది.

అసలు కుదుపు 2021లో. సెప్టెంబరు 30న కొనామీ పెస్ పేరును పక్కన పడేసి, ఉచిత ఆటగా ఈఫుట్‌బాల్‌ను వదిలింది. అది సగం ఉడికిన సరుకు. ఆటగాళ్ల మొహాలు వంకర్లు పోయాయి, వినియోగదారులు తిట్టిపోశారు, కంపెనీ క్షమాపణ చెప్పింది. మర్నాడే ఫిఫా 22 విడుదల. అందులో తొలిసారి ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, 11 క్లబ్బుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఒకటి. తెలంగాణ కుర్రాడు ఎటు మొగ్గాలో ఆ ఒక్క రోజు తేడా చెప్పేసింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఆ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్‌ను నిజంగానే విజేతను చేశాడు.

అదే ఏడాది మే 10న ఈఏ, ఫిఫా విడాకులు ప్రకటించాయి. 2023 సెప్టెంబరులో పాత ఆటే ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24’గా వచ్చింది. 2024లో ఫిఫా తన ఎలక్ట్రానిక్ ప్రపంచకప్‌ను కొనామీ ఆట మీద నడిపింది. ఒకప్పుడు ఫిఫా వద్దని పెస్ ఆడినవాడే ఇప్పుడు ఫిఫా టోర్నీ ఆడుతున్నాడు. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది.

ఆసియా క్రీడల్లో ఈ గందరగోళం ఇంకా బాగా కనిపిస్తుంది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో భారత్‌కు ఫుట్‌బాల్ బంగారం తెచ్చాడు. పదకొండేళ్ల తేడాలో ఆడిన ఆట ఒకటే. అదే జకార్తాలో 2018లో వీడియో ఫుట్‌బాల్ ప్రదర్శన పోటీగా అడుగుపెట్టింది, అప్పుడు పెస్ 2018. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల్లో పతకం ఈఏ వాళ్ల ఆన్‌లైన్ ఆటకు. 2026 ఐచి–నగోయాకు ఎంపికైంది ఈఫుట్‌బాల్. పతకం కావాలంటే ప్రతిసారీ ఆటే మార్చాలి.

మారేటప్పుడు నిజంగా పోయేది 2009లో ఫిఫా తెచ్చిన ‘అల్టిమేట్ టీమ్’ పద్ధతిలో పోగేసిన కార్డులు. ప్యాకెట్లో ఎవరొస్తారో తెలియకుండా కొనే ఈ పద్ధతి జూదమని బెల్జియం అధికారులు తేల్చాక, 2019 జనవరిలో ఈఏ అక్కడ ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపేసింది. ఈ కంపెనీలో కొన్న కార్డు ఆ కంపెనీలో చెల్లదు. ఫోన్‌లో రెండు ఆటలూ ఉచితమే కనుక భానూర్ కుర్రాళ్లు రెండూ దింపుకొని, వేళ్లకు ఏది నచ్చితే అది ఉంచుకోవచ్చు. ప్యాకెట్లకు మాత్రం జీతం డబ్బు పెట్టకండి.