బూడిదైన కాగితం, దక్కిన కవిత

మాట్లాడుతున్నదల్లా రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా చటుక్కున ఆగిపోయింది. కళ్లతోనే పైకప్పునీ గోడలనీ చూపించింది. ఎదురుగా కూర్చున్న స్నేహితురాలు లీడియా చుకోవ్‌స్కయాకు సంగతి అర్థమైంది: ఎవరో వింటూ ఉండొచ్చు.

అఖ్మతోవా టీ గురించి కావాలనే గట్టిగా అడిగింది. చెయ్యి మాత్రం చిన్న కాగితం ముక్క మీద గబగబా కదులుతోంది. రాసింది లీడియాకు అందించింది. లీడియా పెదవి కదపకుండా చదివింది, మళ్లీ చదివింది. నోటికి వచ్చిందని నమ్మకం కుదిరాక తిరిగిచ్చేసింది. అఖ్మతోవా వాతావరణం గురించి ఏదో అంటూనే అగ్గిపుల్ల గీసింది. కవిత యాష్‌ట్రేలో బూడిదైంది.

1930ల చివరి రోజులు. లెనిన్‌గ్రాద్‌లో ఫొంటాంకా నది ఒడ్డున ఉన్న పాత భవంతిలో ఒక గది. స్టాలిన్ అరెస్టులతో ఊరు వణుకుతోంది. అఖ్మతోవా కొడుకు లేవ్‌ను 1938లో పట్టుకెళ్లారు. కబురు కోసం, పొట్లం అందించడం కోసం ఆ తల్లి 17 నెలలు జైలు గోడల పక్కన క్యూల్లో నిలబడింది. ఆ క్యూల్లోంచి పుట్టిందే ‘రిక్వియం’ అనే కవితల మాలిక. లీడియా భర్త, భౌతిక శాస్త్రవేత్త మత్వేయ్ బ్రాన్‌స్టైన్‌ను 1937 ఆగస్టులో అరెస్టు చేశారు. పదేళ్ల శిక్ష, ఉత్తరాలకు అనుమతి లేదు అన్నారు. నిజానికి 1938 ఫిబ్రవరిలోనే కాల్చి చంపేశారు.

మన బడుల్లో పద్యం అప్పజెప్పకపోతే బెత్తం దెబ్బ పడేది. అక్కడ ఫలానా పద్యం నోటికి వచ్చని తెలిస్తే చాలు, జైలే. లీడియా చీకటి వీధుల్లో ఆ పాదాలు మనసులోనే వల్లె వేసుకుంటూ ఇంటికి నడిచేది. ఒక్క మాట జారినా సరిచూసుకోవడానికి ప్రతి లేదు. అందుకే అఖ్మతోవా ఒక్కరినే నమ్ముకోలేదు. నమ్మకస్తులైన కొద్దిమంది మిత్రులకు ఆ కవితలు కంఠతా వచ్చు.

లీడియాకు మరో రహస్యమూ ఉంది. 1939-40 చలికాలంలో ఒక స్కూలు నోటుబుక్కులో ‘సోఫియా పెత్రోవ్నా’ నవల రాసింది. కొడుకు అరెస్టయిన ఒక మామూలు టైపిస్టు కథ అది. దాన్ని ఒక మిత్రుడి దగ్గర దాచింది. యుద్ధకాలపు దిగ్బంధంలో ఆ మిత్రుడు ఆకలితో చనిపోయాడు. నోటుబుక్కు మాత్రం దక్కింది.

‘రిక్వియం’ టైపు కాగితాల మీదికి ఎక్కింది 1962లో. మరుసటి ఏడాది మ్యూనిక్‌లో, కవయిత్రి అనుమతి లేకుండానే, పుస్తకంగా వచ్చింది. సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1987. అప్పటికి అఖ్మతోవా పోయి 21 ఏళ్లు, లీడియాకు 80. ఆ మరుసటి ఏడాది, స్కూలు నోటుబుక్కులోని ఆ నవల కూడా సోవియట్ పాఠకుల చేతికి అందింది.