వెలుగుపోగు – రోగనిర్ణయము

వెలుగు తిన్నగా పోవునే గాని వంపు తిరుగదని మన మెఱిగినదే. అయినను 1841లో జెనీవా నగరమున కొలడాన్ అను పండితుడు, వంగి పడుచున్న నీటిధారలో వెలుగును నడిపించి చూపెను. ధార అంచును తాకిన కిరణము మరల లోనికే మళ్లుట యిందలి రహస్యము. 1954లో లండనునందు హాప్కిన్సును, పంజాబువాడైన నరీందర్ సింగ్ కపానీయును సన్నని గాజుపోగుల కట్టగుండ బొమ్మలను పంపిరి. శుద్ధమైన గాజుపోగు వార్తలను దూరదేశములకు మోయగలదని 1966లో చార్లెస్ కావో తెలిపెను. 1980లో అమెరికాలో పీటర్సన్ మొదలగువారు రక్తముయొక్క ఆమ్లక్షారస్థితిని తెలుపు వెలుగుపోగును ప్రకటించిరి.

లోనికి మళ్లు వెలుగు సయితము, వెండ్రుక మందములో నూఱవ వంతుకంటె తక్కువ దూరము వెలుపలికి తొంగిచూచును. వార్తలు పంపువారు దానిని కాపాడుటకై పోగుపై తొడుగు వేయుదురు. వైద్యశాస్త్రజ్ఞులో, ఆ తొడుగును కొంతమేర తొలగించి, అచ్చట రోగాణువును పట్టుకొను ప్రతిరక్షకముల నతికింతురు. రక్తమం దా యణువున్నచో వచ్చి తగులుకొనును. దానికి కట్టిన ద్రవ్యము వెలుగు సోకి మెఱయును. ఆ మెఱపు పోగువెంట మరలివచ్చి జాడ చెప్పును. దూరమున నున్న వస్తువుల కా వెలుగందదు గావున, అవి అంతగా అడ్డురావు.

రోగము ముదిరిన పిమ్మట వైద్యుడు చేయగలది స్వల్పము. మొలకయందే దాని జాడ తెలియుటకై యీ పరిశ్రమ మంతయు.