మా పాటల చరిత్ర – 9: పాట రాసినోడొకడు, సొంతదారు ఇంకొకడు



పోయిన భాగం చదివి చాలామంది పిల్లలు ఒకటే అడిగారు. "అన్నా, మా దగ్గర పాటలున్నాయి, గొంతులున్నాయి. రికార్డు చేస్తే మాత్రం బావిలోంచి పాడినట్టు వస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్లన్నీ నేర్చుకోక తప్పదా?" అని. నేనూ మీలాంటోణ్ణే. పాట కట్టడం నాకు అన్నం తిన్నంత ఇష్టం. రికార్డింగ్ పనంటే ఒళ్ళుమంట. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెర మీద గీతలు చూస్తూ, ఒకే చరణం నలభైసార్లు వినడం నా వల్ల కాదు. ఆ అయిష్టం నా చేతిలోంచి ఒక పాటని లాక్కుంది. ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

మా తీరంలో రొయ్యల గుంటలొచ్చాక తాగే నీళ్ళు ఉప్పగా మారాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సాగు మీద గట్టి తీర్పే ఇచ్చింది. తీర్పు కాగితంలో ఉంది, గుంటలు పొలంలో ఉన్నాయి. దాని మీద నేనొక పాట కట్టాను. విడవలూరు నుంచి మైపాడు దాకా ఎక్కడ మీటింగు పెట్టినా ఆ పాట పాడేవాళ్ళు. పన్నెండేళ్ళ కిందట ఒక స్టూడియో ఆయన పిలిచి, "మీరు రూపాయి ఇవ్వొద్దన్నా, అంతా మేమే చేసి పెడతాం" అన్నాడు. నాకు పండగే. నాలుగు చరణాలు పాడి, టీ తాగి, బస్సెక్కి వచ్చేశాను. పాట బాగా వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఏడాది తిరిగాక మా కుర్రాళ్ళు మీటింగులో నేను పాడిన వీడియో పెడితే, ఇది వేరేవాళ్ళ సొత్తు అని యూట్యూబ్ నుంచి నోటీసొచ్చింది. నా పాటకి నేనే దొంగనయ్యాను.

తిడదామని ఫోను తీశాను. ఏమని తిట్టాలి? ఆయన నన్ను మోసం చెయ్యలేదు. నేను కాగితమే అడగలేదు. అప్పుడు కూచుని ఈ రికార్డింగ్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించాడు. మైకు లేదు. పెద్ద గరాటులోకి నోరు పెట్టి గట్టిగా పాడాలి. మూడు నిమిషాల్లో రాగం మొదలై ముగిసిపోవాలి. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. ఎందుకంటే ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి కదా. కంపెనీకి అది లెక్క కోసం. నాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. పాడే ఆమె పాటలోనే సంతకం పెట్టేసింది.

గమనించండి, ఆమె గరాటు బిగించలేదు, మైనం కరిగించలేదు. ఆ రోజుల్లో పాడేవాళ్ళు పాడేవాళ్ళే, యంత్రం పని యంత్రం వాళ్ళదే. మద్రాసు సినిమా కాలంలోనూ అంతే. మన నెల్లూరు వైపు నుంచి రైలెక్కి వెళ్ళిన బాలు గారిని 1966లో సినిమాకి పాడించింది సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. తర్వాత బాలు గారు మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ స్టూడియోకి ఆ గురువు పేరే పెట్టారు. ఆ ఏర్పాటులో రాసేవాడికి మిక్సింగ్ తలనొప్పి లేదు. సొత్తు మీద హక్కూ లేదు.

ఈ రెండోది ఎప్పుడు ఖాయమైందో చూడండి. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది: నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం రాయించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి సొంతదారు నిర్మాతే. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట చేర్చారు, పాడేవాడి గొంతుకి మన చట్టంలో చోటే లేకపోవడం గురించి. తీర్పు మారలేదు గానీ ఆ మాట రికార్డులో మిగిలింది.

మరి మనవాళ్ళ పాటలో? సినిమాకి వెళ్ళిన ఉద్యమ పాట ఉంది. 1979 నాటి 'మా భూమి'లో బండి యాదగిరి పాటని గద్దర్ తెర మీదే పాడాడు. దాన్ని ఇవాళ వినండి. సానబెట్టిన నునుపు అందులో ఎక్కడుంది? అయినా ఎవరైనా దాన్ని "క్వాలిటీ లేదు" అన్నారా? కలేకూరి ప్రసాద్ పాటలు 'శ్రీరాములయ్య' సినిమాకి వెళ్ళాయి, వందేమాతరం శ్రీనివాస్ సంగీతంలో ఊరూరా మోగాయి. పాట తెలిసినంతమందికి కలేకూరి పేరు తెలియదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మన పాటల్ని టేపు రికార్డరూ ఖాళీ క్యాసెట్టూ మోశాయి. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు ఎక్కించుకున్న కొద్దీ బుస్సుమనే శబ్దం పెరిగేది, చివరికి పేరు కూడా చెరిగిపోయేది. ఇంకో సంగతి, దళితవాడల్లో చాలామందికి మైకు భయం పోగొట్టింది చర్చి. క్రైస్తవ పాటల ఆల్బమ్‌లు లేకపోతే మనలో సగంమంది స్టూడియో గడప తొక్కేవాళ్ళం కాదు. నచ్చినా నచ్చకపోయినా అది నిజం.

ఇక అసలు విషయం. కాపీరైటు చట్టం (1957) ప్రకారం సౌండ్ రికార్డింగుకి కర్త దాని ప్రొడ్యూసర్. ప్రొడ్యూసర్ అంటే ఎవరు? నేను పన్నెండేళ్ళు తప్పుగా అనుకున్నాను, బటన్లు తిప్పేవాడని. చట్టం చెప్పేది అది కాదు. ఆ రికార్డింగ్ జరగడానికి పూనుకుని, బాధ్యత తీసుకున్న మనిషి. సాఫ్ట్‌వేర్ మాటే లేదు అందులో! నాకు చేతగానిది ఇంజనీరు పని. నేను వదులుకున్నది ప్రొడ్యూసర్ స్థానం. రెండూ ఒకటేననుకుని రెండూ అప్పగించేశాను. 2012 సవరణ మరో మేలు చేసింది. రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ తమ రాయల్టీ వాటాని వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వలేరు.

రెండోసారి ఇలా చేశాం. ముందు ఫోన్‌లో శ్రుతి, వేగం ఖాయం చేసుకుని ముక్కు సూటిగా పాడి పంపాను. కీబోర్డు అన్నకి దారి తెలియడానికి అది చాలు. గొంతు రికార్డు చెయ్యడానికి మా చెల్లెలి ఇంట్లో చిన్న గది. గోడలకి బొంతలు వేలాడదీశాం, ఫ్యాను ఆపేశాం, ఫ్రిజ్ తీగ పీకేశాం. బావిలోంచి పాడినట్టు వచ్చేది ఖాళీ గోడల వల్ల, మీ గొంతు వల్ల కాదు. మైకుకి జానెడు దూరం, నోటికి కాస్త పక్కగా. డప్పుని గదిలో పెట్టలేదు. బయట వేపచెట్టు కింద, మైకు పది అడుగుల దూరాన. దగ్గర పెడితే మైకు తట్టుకోలేక చిట్లిపోతుంది, అప్పుడు "డప్పు కుదరదన్నా, కీబోర్డులో వేసేద్దాం" అంటారు. ఆ మాటకి ఒప్పుకోవద్దు. మిక్సింగ్ నెల్లూరులో చదువుకునే తమ్ముడొకడు చేశాడు. డబ్బులిచ్చాం, తక్కువైనా ఇచ్చాం. ఒక పేజీ కాగితం రాసుకున్నాం: పూనుకున్నది ఎవరు, బాధ్యత ఎవరిది, ఎవరి వాటా ఎంత, పేర్లు ఏ వరుసలో. గొంతు, డప్పు, కీబోర్డు విడివిడి ఫైళ్ళు కూడా తీసుకున్నాం, ఇంకొకరి చేత మళ్ళీ మిక్స్ చేయించుకోడానికి. నేను తెర ముందు కూచున్నది మొత్తం మీద గంట.

పూర్తయ్యాక పాటని డప్పు కొట్టిన పెదనాయనకి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"నీ గొంతు బాగుండాది అబ్బయా. డప్పు సరిగా కాగలా."

మళ్ళీ గడ్డి మంట వేశాం. వేపచెట్టు కింద ఇంకోసారి మైకు పెట్టాం.