కొల్లేటి గుల్ల, కోడిగుడ్డు పెంకు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన కొల్లేరు చేపలకూ వలస పక్షులకూ నెలవని అందరికీ తెలిసిందే గాని, అక్కడి లంక గ్రామాల పెరటి కోళ్లకూ బాతులకూ కావలసిన కాల్షియాన్ని సమకూర్చినదీ ఆ సరస్సే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేటి గుండా సముద్రానికి పోయి సరస్సు కుంచించుకున్నప్పుడు ఒడ్డున బయటపడే నత్తగుల్లలు, ఆల్చిప్పలు దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. గోడలకు వేసే గుల్లసున్నం ఇటువంటి గుల్లలను బట్టీలో కాల్చి తీసినదే.

వరి పండే ఈ సీమలో పెరటి కోడికి దొరికే మేత నూకలు, తవుడు, కళ్లాల్లో రాలిన గింజలు. తవుడులో భాస్వరం పుష్కలమే అయినా కాల్షియం అత్యల్పం. పైగా ఆ భాస్వరంలో అధికభాగం ఫైటేట్ అనే రూపంలో ఉండి, తాను ఒంటబట్టకపోగా మేతలోని కాల్షియాన్ని కూడా పట్టి ఉంచుతుంది. ఒక్క గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం కోడి మేత ముట్టని రాత్రివేళే గడుస్తుంది. పొద్దు వాలే వేళ పెట్ట ఏరుకు తిన్న గుల్లముక్క కందనకాయలో నిలిచి, జఠరరసంలోని ఆమ్లానికి మెల్లగా కరుగుతూ ఆ లోటును రాత్రంతా తీరుస్తుంది. గుల్ల అందనప్పుడు పెట్ట తన కాలి ఎముకల లోపలి నిల్వను తోడుకుంటుంది. అదీ తరిగితే పలచని పెంకున్న గుడ్డునో, పెంకే లేని తోలుగుడ్డునో పెడుతుంది. ఏ వేళ ఏది కావాలో పెట్టకు తెలుసుననడానికి, పొద్దు వాలే వేళ అది గుల్లను ఏరుకోవడం కన్న స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను, 1982లో గుడ్ల ధరల కోసం జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘాన్ని నెలకొల్పిన కాలానికి కోళ్ల పెంపకం పరిశ్రమగా రూపుదిద్దుకుంది. తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతాలు అందులో ముందువరుసకు వచ్చాయి. పంజరంలోని కోడికి ఏరుకునే వీలు లేదు గనుక రోజుకు 4 గ్రాముల వంతున కాల్షియాన్ని మనిషే తూచి దాణాలో కలపవలసివచ్చింది: సున్నపురాయి పొడి, నలగ్గొట్టిన గుల్ల అయిన షెల్ గ్రిట్, భాస్వరం కోసం డైకాల్షియం ఫాస్ఫేట్ (డీసీపీ). అయినా పొడి త్వరగా కరిగిపోతుంది గనుక, వయసు మళ్లిన కోళ్లకు కొంత ముతక గుల్ల వేయడం నేటికీ తప్పలేదు.

ఇంతలో సరస్సే మారిపోయింది. చేపల చెరువులు కొల్లేటిని ఆక్రమించాయి, రొయ్యల మేతకు నత్తమాంసం సరుకైంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందాకనైనా ఈ నత్తలను కాపాడుకోవాలి, ఎందుకంటే ఇంటి బాతుకు మేత కావడమే గాక, ముక్కు మధ్య సందున్న నత్తగుల్ల కొంగకు అవే ప్రధానాహారం.

ఇంటి పంజరాల్లో రామచిలుకను ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాగా, నేడు పెంచుతున్న బడ్జీ, కాకటీల్ వంటి విదేశీ పక్షులది కూడా పెరటి కోడిలాగే గింజల మేతే, కాల్షియం లోటూ అదే. వాటి పంజరానికి కట్టే కటిల్‌బోన్, అంటే ఆయుర్వేదంలో సముద్రఫేనంగా వాడే కటిల్‌ఫిష్ లోపలి పెంకు, కాల్షియం కార్బొనేటే. అయితే పక్షి పేగు కాల్షియాన్ని గ్రహించాలంటే డి విటమిన్ ఉండాలి, గింజల్లో అది దాదాపు శూన్యం. దానిని పక్షి శరీరం తయారుచేసుకోవడానికి అవసరమైన అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం చాలావరకు అడ్డుకుంటుంది గనుక, పంజరాన్ని రోజూ కాసేపు అద్దం అడ్డులేని లేత ఎండలో, ఒక పక్క నీడ ఉండేలా ఉంచవలసి ఉంటుంది.