నల్లమల మీదుగా లేపాక్షికి ఏడు రోజుల రహదారి యాత్ర

హైదరాబాదు నుండి లేపాక్షి వరకు రహదారి యాత్రకు ప్రణాళిక రూపొందించుకొనువారు దూరముకన్న వేళలను ముందుగా గమనించవలసి ఉన్నది. శ్రీశైలం రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. వన్యప్రాణుల రక్షణార్థం మన్ననూరు, దోమలపెంట తనిఖీ కేంద్రాల మధ్య రాత్రి 9 నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. కావున తొలిరోజు ఉదయమే బయలుదేరుట శ్రేయస్కరం.

రెండవ రోజు శ్రీశైల ఆలయ, జలాశయ సందర్శనకు. మూడవ రోజు నవ నారసింహ క్షేత్రమైన అహోబిలానికి. నాల్గవ రోజు 3,229 మీటర్ల పొడవైన బెలూం గుహలకు కేటాయించవచ్చును. ఐదవ రోజు గండికోట వద్ద పెన్నానది లోయను, ఆరవ రోజు లేపాక్షి వీరభద్రాలయాన్ని, ఏకశిలా నందిని దర్శించవచ్చును. ఏడవ రోజు 44వ జాతీయ రహదారిపై తిరుగు ప్రయాణము.