680 డాలర్లతో ప్రపంచం ఎంత చిన్నదో కొలిచారు

పెళ్లికి వెళ్తే మనవాళ్లు చేసే మొదటి పని ఏంటి? "మీదే ఊరు బాబూ? ఇంటిపేరేంటి?" అని మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో ఇద్దరికీ తెలిసిన ఎవరో ఒకరిని పట్టేస్తారు. ఈ ఎపిసోడ్ అదే ఆటని పరిశోధనగా మార్చిన ఒక చిన్న గ్రాంట్ గురించి. ఎంతో తెలుసా? 680 డాలర్లు.

1960ల మధ్యలో స్టాన్లీ మిల్గ్రామ్ హార్వర్డ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్. వయసు ముప్పై దాటి కొద్ది ఏళ్లే, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆయన ప్రశ్న ఇది: అమెరికాలో ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య ఎంతమంది పరిచయస్తులు ఉంటారు? ఇథియెల్ పూల్, మాన్‌ఫ్రెడ్ కోచెన్ 1950ల నుంచే దీన్ని లెక్కలతో తేల్చాలని చూశారు. తృప్తి కలగక 1978 దాకా పేపరే అచ్చు వేయలేదు.

మిల్గ్రామ్ లెక్కలు పక్కన పెట్టి పోస్టాఫీసుని నమ్ముకున్నారు. హార్వర్డ్‌లోని లాబొరేటరీ ఆఫ్ సోషల్ రిలేషన్స్ ఇచ్చిన ఆ 680 డాలర్లతో కాన్సస్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో మనుషులకి ఒక ఫోల్డర్ అందించారు. లోపల చేరాల్సిన మనిషి వివరాలు ఉంటాయి. ఆయన మీకు తెలిస్తే నేరుగా పంపండి. తెలియకపోతే, మీకు బాగా పరిచయమున్న వాళ్లలో ఆయనకి దగ్గరగా ఉంటారనిపించే ఒకరికి పంపండి. మీ పేరు లిస్టులో రాయండి, ఒక పోస్టుకార్డు హార్వర్డ్‌కి వేయండి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రతి అడుగుకీ లాగ్ ఉందన్నమాట!

1967లో మిల్గ్రామ్ దీని గురించి ఒక పాపులర్ పత్రికలో రాశారు. 1969లో జెఫ్రీ ట్రావర్స్‌తో కలిసి సోషియోమెట్రీ అనే జర్నల్‌లో పూర్తి లెక్కలు వేశారు. గమ్యం బోస్టన్‌లో పనిచేసే ఒక స్టాక్‌బ్రోకర్. మొదలుపెట్టినవాళ్లు 296 మంది. చేరినవి 64. మధ్యవర్తులు సగటున 5.2, అంటే సుమారు ఆరు అడుగులు. ఇంకో విచిత్రం, ఆ 64లో 16 ఒకే బట్టల వ్యాపారి చేతుల మీదుగా వచ్చాయి. "సిక్స్ డిగ్రీస్" అనే మాట మాత్రం మిల్గ్రామ్‌ది కాదు, 1990లో జాన్ గ్వేర్ నాటకంతో జనంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. చేరని 232 సంగతేంటి? 2002లో జూడిత్ క్లైన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసర్ యేల్‌లో ఉన్న మిల్గ్రామ్ కాగితాలు తిరగేశారు. మొదటి కాన్సస్ ప్రయత్నంలో 60 ఫోల్డర్లలో చేరినవి మూడే! పొడవైన గొలుసులు మధ్యలోనే తెగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, చేరినవాటినే లెక్కిస్తే దూరం తక్కువగా కనిపిస్తుంది. ఇంకోవైపు, మనుషులు ఎప్పుడూ దగ్గరి దారే ఎంచుకోరు కాబట్టి అసలు దూరం ఇంకా తక్కువ కూడా కావచ్చు. 2011లో 72 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాలని కొలిస్తే సగటు దూరం 4.74 వచ్చింది.

మరి ఆ 680 డాలర్లు దండగా? నాకైతే అలా అనిపించదు. పెద్ద గ్రాంట్ అడగాలంటే ముందే ఫలితం చూపించాలి, పేరుండాలి. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర ఆ రెండూ ఉండవు. అమెరికన్ సోషియోలాజికల్ అసోసియేషన్, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కలిసి 1987లో కొన్ని వేల డాలర్ల చిన్న గ్రాంట్లు మొదలుపెట్టింది ఇలాంటి తొలి అడుగుల కోసమే.

చిన్న గ్రాంట్ తుది జవాబు ఇవ్వదు. ఒక ప్రశ్నని కొలవొచ్చని చూపిస్తుంది. తప్పు మన వైపు కూడా ఉంది. మొదటి ప్రయత్నాన్నే రుజువనుకుని మనం ముప్పై ఏళ్లకి పైగా చెప్పుకున్నాం. తొలి అడుగుకి డబ్బిచ్చినట్టే, దాన్ని తిరిగి చెక్ చేసేవాళ్లకీ ఇవ్వాలి కదా?

ఈసారి పెళ్లిలో ఎవరైనా ఇంటిపేరు అడిగితే మిల్గ్రామ్‌ని గుర్తుచేసుకోండి. మళ్లీ కలుద్దాం.